నాలుగు, ఏడు, పదకొండు

లైబ్రేరియన్ మేడమ్‌కు "ఎక్కడ చూశావు?" అని అడిగే అలవాటు ఏ సంవత్సరంలో మొదలైందన్న విషయంలో చరిత్రకారులు రెండు వర్గాలుగా చీలిపోయారు. మొదటి వర్గం ఆవిడ భర్త. రెండో వర్గం ఆవిడ చెల్లెలు. మూడో వర్గమంటూ లేదు. ఈ రంగంలో కృషి చేసేంత ఓపిక మిగతా ప్రపంచానికి లేకపోయింది.

భర్తగారి సిద్ధాంతం ప్రకారం ఆ అలవాటు పెళ్లయిన తొమ్మిదో రోజు ఉదయం బయటపడింది. "వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్లు" అన్నారాయన. "ఎక్కడ చూశారు?" అన్నారావిడ. ఆయన కిటికీలోంచి ఆకాశం చూపించారు. ఆవిడ ఆ ఆధారాన్ని ఒక నిమిషం పరిశీలించి, చాలదని తేల్చి, గొడుగు లేకుండా వెళ్లి, తడిసి ముద్దయి వచ్చారు. చెల్లెలు దీన్ని ఒప్పుకోదు. అక్కకు ఎనిమిదేళ్లప్పుడు, పుచ్చకాయ గింజ మింగితే కడుపులో తీగ మొలుస్తుందని అమ్మమ్మ భయపెట్టిందట. "ఎవరి కడుపులో చూశావమ్మమ్మా?" అని అక్క అడిగిందట. అమ్మమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మౌనమే ఈ అలవాటుకు తొలి చారిత్రక సాక్ష్యమని చెల్లెలి వాదన. ఎటొచ్చీ ఒక్క విషయంలో రెండు వర్గాలకూ ఏకాభిప్రాయం ఉంది: ఈ జబ్బు కుదిరేది కాదు, పైగా దీనికి నెలనెలా జీతం కూడా వస్తోంది.

జీతమిచ్చేది ఒక ఆక్యుపేషనల్ థెరపీ కాలేజీ. పక్షవాతం వచ్చినవాళ్లకు, మెషీన్లో చెయ్యి నలిగినవాళ్లకు, పెన్సిలు పట్టలేని పిల్లలకు రోజువారీ పనులు మళ్లీ నేర్పే విద్య అది. చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంచా నోటిదాకా తీసుకెళ్లడం, తాళం తిప్పడం లాంటివి. మనం పొద్దున లేస్తే చేస్తూ, ఒక్కరోజైనా గౌరవించని పనులు. అందుకే ఆ కాలేజీలో ఎన్నడూ వెలగని పొయ్యి ఉన్న వంటగది ఒకటుంది. నీళ్లు రాని స్నానాలగది ఒకటుంది. మూడు మెట్లెక్కాక గోడ తగిలి ఆగిపోయే మెట్లదారి కూడా ఒకటుంది. లైబ్రరీ రెండో అంతస్తులో. అందులో ఐదు కంప్యూటర్లు. వాటిలో ఒకటి బతిమాలితే గానీ లేవదు.

ఆరేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగి, పదిహేను అర్జీలు పెట్టి, ఆవిడ ఒక పీరియడు సంపాదించారు. శుక్రవారం మూడు గంటలకు, మూడో సంవత్సరం వాళ్లకు, పరిశోధనా వ్యాసాలు వెతకడం ఎలాగో నేర్పే గంట. సీనియరు చెప్పాడని, మాస్టారు అన్నారని పేషెంటు చేతిమీద ప్రయోగం చెయ్యకుండా, ఇంతకుముందు ఎవరు చేశారు, ఎంతమంది మీద చేశారు, ఏం తేలింది అని చూసుకునే విద్య. ఆవిడ దృష్టిలో ఆ గంట ఉంటే తను టీచరు. ఆ గంట లేకపోతే బీరువా తాళాలకు కాపలా.

గంట వచ్చింది గానీ, అందులో చెప్పింది పిల్లల బుర్రలోకి వెళ్లే దారి మాత్రం దొరకలేదు.

"చేతి వణుకుకి బరువు చెంచా మంచిదని రాశావు. ఎక్కడ చూశావు?"

"నెట్‌లో మేడమ్."

"నెట్‌లో చూశానంటే ఊళ్లో విన్నానన్నట్టు. ఊళ్లో ఎవరింట్లో?"

"అందరిళ్లలోనూ అదే అంటున్నారు మేడమ్."

ప్రశ్నను విడగొట్టి ముఖ్యమైన మాటలే కొట్టమని ఆవిడ చెప్పేవారు. వాళ్లు అసైన్‌మెంటు ప్రశ్న మొత్తం, ప్రశ్న నంబరుతో సహా, చివర "ఐదు మార్కులు" అన్నదాంతో సహా కొట్టేవాళ్లు. ఆ ఐదు మార్కులకు సంబంధించిన వ్యాసాలు ప్రపంచంలో ఎక్కడా దొరక్కపోతే "సర్వరు డౌనండీ" అని చేతులు దులుపుకునేవాళ్లు. మొదట వచ్చిందాన్ని గుడ్డిగా తీసుకోవద్దని ఆవిడ గొంతు చించుకునేవారు. వాళ్లు తలలూపేవాళ్లు. ఆ ఊపులో ఏ లోపమూ ఉండేది కాదు.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కే విషయం ఇంకొకటుంది. వీళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. ఇదే పిల్లలు కింద అంతస్తులో, టీ పెట్టుకోవడమనే పనిని నలభైరెండు మెట్లుగా విడగొట్టి గోడకు అంటించారు. అందులో మొదటి మెట్టు "కెటిల్ ఎక్కడుందో చూచుట". కెటిల్ దగ్గర అంత శాస్త్రం తెలిసినవాళ్లు రెండంతస్తులు ఎక్కేసరికి దాన్నంతా మెట్లమీదే పారేసి వచ్చేవాళ్లు.

ఈలోగా స్ప్లింటు మాస్టారి కన్ను ఆ గంటమీద పడింది. విరిగిన చేతులకూ బిగుసుకుపోయిన వేళ్లకూ ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి కట్లు చేయడం నేర్పే పెద్దమనిషి ఆయన. మనిషి మంచివాడే. అదే ఆవిడకు ఇంకా చిరాకు.

"మీ క్లాసులో పిల్లలు వట్టిచేతుల్తో వచ్చి వట్టిచేతుల్తో పోతారు మేడమ్" అన్నారాయన స్టాఫ్‌రూంలో, టీ ఊదుకుంటూ. "నా దగ్గరైతే కనీసం ఒక కట్టు పట్టుకుపోతారు."

"ఆ కట్టు ఆ పేషెంటుకి పనికొస్తుందో లేదో తెలుసుకునేది నా క్లాసులో మాస్టారూ."

"అది నన్నడిగితే నేనే చెప్తాగా!"

ప్రిన్సిపాలుగారు గొడవలంటే గిట్టని మనిషి. కళ్లజోడు నుదుటిమీదకు నెట్టుకుని, ఎటూ కాని తీర్పు ఒకటి చెప్పారు. టర్ము చివర్లో మేడమ్ ఒక పరీక్ష పెట్టాలి. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై మందికి వెతకడం వచ్చిందని తేలితే గంట ఆవిడది. తేలకపోతే స్ప్లింటు మాస్టారిది. పాసవడానికి నిబంధన కూడా ఆవిణ్ణే పెట్టుకోమన్నారు.

ఆవిడ పెట్టుకున్నారు. ప్రతి విద్యార్థీ వార్డులో తను చూస్తున్న పేషెంటు గురించి ఒక ప్రశ్న వేసుకోవాలి. దానికి పనికొచ్చే మూడు వ్యాసాలు పట్టాలి. ఏ మాటలు కొట్టారు, ఎన్ని వచ్చాయి, ఏవి వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది ఒక కాగితంమీద రాసివ్వాలి. మూడు వ్యాసాలు, నిండిన కాగితం ఉంటే పాసు. నిబంధన చూసి ఆవిడే మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తరువాత చాలా ఖరీదైంది.

గడువు రోజున ముప్ఫై ఎనిమిది కాగితాలూ వచ్చాయి. వేళకు వచ్చాయి. ఇలాంటిది ఆ కాలేజీ చరిత్రలో జరగలేదు. ఆవిడ తలుపు దగ్గరకు వేసుకుని మొదటిది తీశారు. చక్కటి దస్తూరి, మూడు వ్యాసాలు, నిండిన గడులు. రెండోదీ అంతే. ఐదోది చూసేసరికి ఆవిడకు కళ్లు చెమర్చాయి. అయితే ఎనిమిదోదాంట్లో ఏదో గుచ్చుకుంది. వెనక్కి తిరగేశారు. ఆ అమ్మాయి తన వెతుకులాటలో వచ్చినవాటిలో నాలుగోది, ఏడోది, పదకొండోది తీసుకుంది. ఏడో కాగితం చూశారు. నాలుగు, ఏడు, పదకొండు. మొదటిది చూశారు. నాలుగు, ఏడు, పదకొండు.

పెన్సిలు పట్టలేని ఏడేళ్ల పిల్లవాడికి ఏడో వ్యాసంగా, వృద్ధులు మంచంమీంచి జారిపడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు దొరికాయి. "ఈ వ్యాసము మా పేషెంటుకు మిక్కిలి ఉపయోగపడినది" అని కింద రాసి ఉంది.

వదిలేసినవాటికి కారణం అన్నిట్లోనూ ఒకటే: "మా పేషెంటుకు సంబంధించినది కాదు." వాక్యం చివర చుక్కతో సహా.

ఆవిడ లేచి కంప్యూటర్ల దగ్గరకు వెళ్లారు. ప్రతి తెర పక్కనా, వెల్క్రో పట్టీతో అతికించి, లామినేషన్ చేసిన కార్డు ఒకటి వేలాడుతోంది. పెద్ద అక్షరాలు, బొమ్మలు. ఎవరి వేలూ గీసుకోకుండా మూలలు గుండ్రంగా కత్తిరించారు. తొమ్మిది మెట్లు. మొదటిది: "పాదములు నేలకు ఆనునట్లు కూర్చొనుము." ఐదోది: "మొదటి గడిలో జబ్బు పేరు, రెండవ గడిలో థెరపీ అని కొట్టుము." ఏడోది: "నాలుగు, ఏడు, పదకొండు తీసుకొనుము." ఎనిమిదోది, కారణం గడిలో రాయాల్సిన వాక్యం. తొమ్మిదోది: "మెడను కుడి ఎడమలకు తిప్పి విశ్రాంతి తీసుకొనుము."

ఆవిడ క్లాసు లీడర్ని పిలిపించారు. పొడుగ్గా, నిటారుగా, అందరికీ ఉపకారం చేసి అలిసిపోయినవాడిలా ఉంటాడు.

"ఇది నీ పనేనా?"

"నాదే మేడమ్!" అన్నాడు, కప్పు అందుకోవడానికి వేదికెక్కినవాడిలా. "అయిదు వారాలు పట్టింది. మనవాళ్లు వెతుకుతుంటే వెనక నిలబడి, ఎక్కడ ఆగిపోతున్నారో టైం కొట్టి రాసుకున్నా. అందరూ ఆ గడుల దగ్గరే ఆగిపోతున్నారు మేడమ్. అక్షరాలు చిన్నవి. ఏది ఎంచుకోవాలో తెలీక బిక్కమొహాలేసుక్కూచుంటున్నారు. అందుకని పనిని వాళ్లకి తగ్గట్టు మార్చా."

"నాలుగు, ఏడు, పదకొండు ఏంటి మరి?"

"మొదటిది తీసుకోవద్దని మీరే కదా మేడమ్ అన్నారు."

"అంటే నాలుగోది తీసుకోమనా?"

"నేను చూసినరోజు ఆ మూడే డబ్బులడక్కుండా తెరుచుకున్నాయి మేడమ్."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. పాదాలు నేలకు ఆన్చారో లేదో తెలియదు.

"నాయనా, మీకు వెతకడం రావాలన్నాను నేను."

"చెయ్యి పడిపోయిన పేషెంటు గుండీలు పెట్టుకోలేకపోతే వెల్క్రో వేసిస్తాం మేడమ్. ఆయన చొక్కా తొడుక్కోవడమే కదా మనక్కావాల్సింది. గుండీలే పెట్టుకో, లేకపోతే చొక్కా లేకుండా తిరుగు అంటామా?"

 వాడు చెప్పింది ఆ కాలేజీలో మొదటి సంవత్సరం మొదటి పాఠం. దాన్ని కాదంటే కింద అంతస్తు మొత్తం మూసుకోవాలి. ఒప్పుకుంటే పైఅంతస్తు.

"పోనీ, ఇంత పని చేశావు కదా" అన్నారు చివరికి. "లైబ్రరీలో వెతకలేనివాళ్ల గురించి ఇలాంటి పని ఇంతకుముందు ఎవరైనా చేశారేమో వెతికావా?"

"లేదు మేడమ్."

"ఎందుకని?"

"అప్పటికింకా కార్డు తయారవలేదు కదా మేడమ్."

ఆ సాయంత్రం ఆవిడ కాగితాల కట్టను చంకలో పెట్టుకుని ఇల్లు చేరారు. మిగిలినవి డైనింగు టేబులుమీద పరిచి చూశారు. నాలుగు, ఏడు, పదకొండు. నాలుగు, ఏడు, పదకొండు. ముప్ఫైమూడో కాగితం దగ్గర లెక్క తప్పింది.

అది రెండో బెల్లుది. మొదటి బెల్లుకు ఎన్నడూ కనబడనందుకు క్లాసంతా ఆ అమ్మాయికి పెట్టిన పేరది. కార్డు గురించి లీడరు వివరించింది మొదటి బెల్లుకూ రెండో బెల్లుకూ మధ్య. కార్డేమో ఐదు కంప్యూటర్లకూ ఉంది గానీ, ఈ పిల్ల దాన్ని కరెంటు జాగ్రత్తల బోర్డనుకుని చదవలేదట. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

కాగితం చూడ్డానికి యుద్ధభూమిలా ఉంది. కొట్టివేతలు, బాణాలు, ఒక మూల టీ మరక. ఆ పిల్ల పేషెంటు ఒక దర్జీ. చెయ్యి వణికి కత్తెర గీతమీద నిలవడం లేదు. మొదట "దర్జీ చెయ్యి ఎందుకు వణుకుతుంది" అని కొట్టింది. సున్నా వచ్చాయి. "వణుకు" అని కొట్టింది. అరవైవేలు వచ్చాయి. ఆ పక్కన "ఏడుపొచ్చింది" అని రాసింది. కాసేపటికి "దర్జీ" తీసేసి "పనిముట్టు" పెట్టింది. తరువాత "బరువు" కలిపింది. తరువాత డాక్టర్లు వణుకును ఏమంటారో పుస్తకంలో చూసుకొచ్చి ఆ మాట పెట్టింది. పందొమ్మిది మిగిలాయి. పందొమ్మిదీ చదివింది. కత్తెరకో చెంచాకో బరువు కడితే చెయ్యి నిలుస్తుందా అన్నదానికి రెండే పనికొచ్చాయి. ఒకటేమో కొందరికి నిలిచిందంటుంది. ఇంకొకటి, తాము చూసినవాళ్లలో తేడా కనబడలేదంటుంది. కింద ఆ పిల్ల రాసింది: "రెండిట్లోనూ కొద్దిమందే పేషెంట్లు. మా దర్జీకి పనిచేస్తుందో లేదో వీటినిబట్టి చెప్పలేను. వారం కట్టి చూసి, గీత ఎంత తప్పుతోందో కొలుస్తాను. మూడోది దొరకలేదు. సారీ మేడమ్."

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆరేళ్లుగా ఏ మనిషికోసం అర్జీలు పెట్టారో ఆ మనిషి ఇదిగో, టీ మరకతో సహా కాగితంమీద కూర్చుని ఉంది. అయితే నిబంధన ప్రకారం మూడు వ్యాసాలుండాలి. రెండో బెల్లు ఫెయిలు. మిగతా ముప్ఫై ఏడుగురూ పాసు.

భర్తగారు విద్యుత్తు ఆఫీసులో మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగి. సంగతంతా విని, చెప్పులు విప్పుతూ తేల్చేశారు.

"ముప్ఫై ఏడని రాసి పడెయ్. రూలు నువ్వు పెట్టిందేగా."

"అదే కదండీ నా ఏడుపు."

"నీ గంట నీకుంటుంది. ఇంకేం కావాలి?"

"వెతకడం వచ్చింది ఒక్కదానికి. దాన్ని ఫెయిల్ చేసి, రానివాళ్లని పాస్ చేసి, అందరికీ వచ్చేసిందని సంతకం పెట్టాలా?"

"మరైతే ఒకటని రాయి."

"రాస్తే గంట పోతుంది!"

"అందుకే ముప్ఫై ఏడని రాయమన్నాను" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

చెల్లెలు ఫోన్లో ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అక్కా, నీ పంతం సంగతి నాకు తెలీదా? ఒక్కటి ఆలోచించు. గంటుంటేనే కదా వచ్చే ఏడాదైనా సరిగ్గా నేర్పుతావు? గంట పోయాక ఎవరికి నేర్పుతావు, బీరువాలకా?"

"అబద్ధం రాసి నిజం వెతకడమెలాగో నేర్పమంటావా?"

"అబద్ధమేంటే? కాగితాలు నిండాయా లేదా?"

"నిండాయి."

"మూడేసి వ్యాసాలున్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం? వాళ్లు పాసు. నువ్వే ఫెయిలు, పరీక్ష పెట్టడంలో."

ఇది చెల్లెలు వాదన గెలవడానికి అన్న మాటే. కానీ ఆవిడకు సూటిగా తగిలింది. ఎందుకంటే ఆ సాయంత్రమంతటిలో, ఆధారంతో సహా చెప్పిన మాట అదొక్కటే.

మరునాడు ఆవిడ నివేదిక రాయడానికి కూర్చున్నారు. మొదటి ప్రతిలో ముప్ఫై ఏడని రాశారు. అంకె ముచ్చటగా ఉంది. దానికింద సంతకం పెట్టబోతే కలం ఆగింది. చించేశారు. రెండో ప్రతిలో ముప్ఫై ఏడు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కింద వివరణ రాయబోయారు. వివరణ ఒకటిన్నర పేజీ అయింది. అదీ చించేశారు. మూడో ప్రతిలో ఉన్నది ఇంతే: "వెతకడం వచ్చినవారు: ఒకరు. ఆ ఒకరూ నిబంధన ప్రకారం ఫెయిలు. నిబంధన నేను పెట్టినదే." దీన్ని ధర్మనిష్ఠ అనడానికి అవకాశం ఉంది గానీ, దగ్గరుండి చూసినవాళ్లెవరూ అనరు. అది ఒట్టి చిరాకు. ముప్ఫై ఏడు కాగితాల్లో ముప్ఫై ఏడుసార్లు అదే వాక్యం చదివిన మనిషికి, ఇంకొకసారి నిండిన గడి చూసే ఓపిక లేకపోయింది.

ప్రిన్సిపాలుగారి గదిలో స్ప్లింటు మాస్టారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ప్రిన్సిపాలుగారు నివేదిక చదివారు. కళ్లజోడు నుదుటిమీంచి ముక్కుమీదకు దించి మళ్లీ చదివారు.

"ఒకరా మేడమ్?"

"ఒకరే సార్."

"ముప్ఫై ఎనిమిది కాగితాలొచ్చాయని విన్నాను?"

"వచ్చాయి సార్. వెతికింది ఒక్కతే."

స్ప్లింటు మాస్టారు గొంతు సవరించుకున్నారు. మనిషి మంచివాడు కనక ఏమీ అనలేదు.

"పోయినేడాది ఎంతమందికి వచ్చింది?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"పోయినేడాది పరీక్ష పెట్టలేదు సార్."

"అయితే సున్నా."

"సున్నా అనకూడదు సార్. తెలీదు."

"తెలీదంటే లేనట్టే కదా మేడమ్. సున్నా నుంచి ఒకటి. అంటే పెరిగింది!"

"అలా లెక్కేస్తే తప్పు సార్. పోయినేడాది అసలు కొలవనేలేదు. కొలవనిదాంతో పోల్చి పెరిగిందనీ అనలేం, తగ్గిందనీ అనలేం."

"మీరిలా ప్రతిదానికీ అడ్డం పడితే మీకు మేలు చేసేదెలా?" అని ప్రిన్సిపాలుగారు విసుక్కుని, నివేదిక మార్జిన్లో "గణనీయమైన అభివృద్ధి" అని రాసి గీత గీశారు. ఎవరికీ అన్యాయం జరగడం ఆయనకు ఇష్టం లేదు. గంట మేడమ్‌కే ఉంటుంది. కాకపోతే స్ప్లింటుల గదికి మూడు గంటలకు ఎండ వెలుగు బాగా వస్తుందట. కాబట్టి శుక్రవారం మూడింటి పీరియడు మాస్టారికి, నాలుగింటిది మేడమ్‌కు. కొత్త టైంటేబుల్ అప్పటికప్పుడే టైపయి, నోటీసు బోర్డెక్కింది.

ఆవిడ నిజం చెప్పి ఓడిపోదామని వెళ్లి, తప్పుడు లెక్కమీద గెలిచి బయటికొచ్చారు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ లెక్క మనసులో గీరుతూనే ఉంది. అయినా లైబ్రరీలోకి అడుగు పెట్టగానే ఐదు కార్డులూ పీకి సొరుగులో పడేశారు. పద్నాలుగు వారాలకు కొత్త ప్రణాళిక రాశారు. ఇకమీదట మూడు వ్యాసాలన్న నిబంధన లేదు. సున్నా దొరికినా, సున్నా అని ఎలా తేల్చారో చెబితే చాలు. మొదటి రెండు వారాలూ కంప్యూటర్లు తెరవనే తెరవకూడదు. తన దర్జీ గురించి చెప్పడానికి రెండో బెల్లును మొదటి క్లాసుకు పిలిచారు. లీడరుకు వేరే పని అప్పగించారు. అతను అయిదు వారాలు టైం కొట్టి రాసుకున్న లెక్కలన్నీ తెచ్చి, అలాంటి పని ఇంతకుముందు ఎవరు చేశారో వెతకాలి, కార్డు లేకుండా. ఆరేళ్ల పోరాటం ఇప్పటికి ఒక దారికి వచ్చిందని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పారు. ప్రణాళికను మంచి కాగితంమీద రాసి, నోటీసు బోర్డులో టైంటేబుల్ పక్కనే, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి పెట్టారు.

పిల్లలందరూ ఎక్కే కాలేజీ బస్సు నాలుగూ పదికి బయలుదేరుతుంది.